గడ్డిబొమ్మకు వన్స్ మోర్

ఎజ్రా గొంతు మొదటిసారి చీలింది పాటలో కాదు, భోజనాల దగ్గర. "అమ్మా, పెరుగు" అన్నాడు. 'అమ్మా' చిన్నపిల్లాడి గొంతుతో మొదలై, 'పెరుగు' దగ్గరకు వచ్చేసరికి ఎవరో పెద్దమనిషి గొంతులోకి జారిపోయింది. మా అమ్మాయి దేవకుమారి గిన్నె పట్టుకునే నవ్వేసింది.

"ఏంట్రా, గొంతులో ఎవరున్నారు?" అంది.

నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు. పెరుగు వేయించుకోకుండానే లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

అప్పటికి మా చర్చి కోతపండుగ ఎంతో దూరం లేదు. పండుగ సాయంత్రం పిల్లలు ఆడబోయే సంగీత నాటకంలో ముఖ్య వేషం నా మనవడిదే.

మాది పెనుగొండకూ పాలకొల్లుకూ మధ్య కాలువ ఒడ్డునున్న చిన్న ఊరు. సార్వా వరి కోతలయ్యాక మా లూథరన్ చర్చిలో కోతపండుగ చేస్తారు. పొలం ఉన్నవాళ్ళు వరి కంకులూ కొబ్బరి గెలలూ తెస్తారు. లేనివాళ్ళు ఓ సొరకాయో, కోడిపెట్టో తెస్తారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం పాడతారు. సాయంత్రం నాటకం. దానికి చర్చివాళ్ళే కాదు, ఊళ్ళో రైతులందరూ వచ్చి కూర్చుంటారు. నాటకం ఉందంటే మా వైపు ఎవరూ ఇంట్లో ఉండలేరు.

ఈ ఏడు నాటకం రాసింది హైస్కూల్లో తెలుగు చెప్పే వెంకటదుర్గ గారు. పొలంలో నిలబెట్టిన ఒక బొమ్మ, దాన్ని చూసి మొదట భయపడి తర్వాత స్నేహం చేసిన పిచ్చుకలు, చివర ఒక గాలివాన. అదీ కథ. ఆవిడ మొదట 'దిష్టిబొమ్మ' అని రాశారు. దిష్టి అన్న మాట చర్చి ఆవరణలో ఎందుకండీ అని పాస్టరుగారు మెల్లగా అంటే, మారుమాట్లాడకుండా 'గడ్డిబొమ్మ' అని మార్చారు. హార్మోనియం అచ్చిబాబుది. పద్యనాటకాలతో జీవితమంతా ఊళ్ళు తిరిగి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మనిషి. నాకు ప్రాంప్టింగ్ అప్పగించారు. రిటైరైన కాలేజీ మాస్టారికి అంతకన్నా తగిన పని ఉండదు. ఎవరికీ కనబడని చోట నిలబడి, ఎదుటివాళ్ళకు ముందే తెలిసినదాన్ని మళ్ళీ చెప్పడం.

ఎజ్రా లెక్కల్లో వెనక, ఆటల్లో వెనక. పాట ఒక్కటే తనదని వాడి నమ్మకం. నా భార్య హెలెన్ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాటలు నేర్పింది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఊళ్ళో వాణ్ణి నా మనవడనీ, దేవకుమారి కొడుకనీ ఎవరూ అనరు. 'పాటలబ్బాయి' అంటారు.

మర్నాడు పొద్దున పంపు దగ్గర పళ్ళు తోముకుంటూ నాతో అన్నాడు: "తాతయ్యా, స్టేజీ మీద అలా అయిందనుకో, నేనింక జన్మలో పాడను. చర్చిలో కూడా."

"అవదులేరా" అన్నాను. అవుతుందనే నా భయం.

అప్పటి నుంచి వాడు జాగ్రత్తగా బతకడం మొదలుపెట్టాడు. తక్కువ మాట్లాడేవాడు. మిరియాల పాలు అడిగి మరీ తాగేవాడు. రిహార్సల్లో 'జలుబండి' అని చెప్పి మెల్లగా పాడేవాడు. అలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. చివరి పాట మాత్రం మెల్లగా పాడితే కుదిరేది కాదు. గాలివానలో కూలిపోయే ముందు గడ్డిబొమ్మ పిచ్చుకలను పంపేస్తూ పాడే పాట అది.

*గింజలు మీవి, గడ్డి నాది,*
*గాలికి నేను వంగిపోతా,*
*పైకెగరండి, పైకెగరండి,*
*వాన వెలిసే దాకా.*

మూడో పాదం పై స్థాయిలో ఉంటుంది. "పైకె" అనేసరికి, తడి రోడ్డు మీద సైకిల్ బ్రేకు పట్టినట్టు వాడి గొంతు కీచుమంది. ఆ వెంటనే బొంగురుగా ఎక్కడికో పడిపోయింది.

మొదట నవ్వింది తబిత. మా వీధి పిల్లే, పదేళ్ళది, పిచ్చుకలకు నాయకురాలు. దాని వెనక పాపాయితో సహా పిచ్చుకలన్నీ నవ్వాయి.

"నవ్వకండర్రా" అన్నారు వెంకటదుర్గ గారు. "ఎజ్రా, జలుబు ఇంకా తగ్గలేదా?"

"లేదండి."

"జలుబూ కాదు, గిలుబూ కాదమ్మా" అన్నాడు అచ్చిబాబు హార్మోనియం తిత్తి వదిలేసి. "కుర్రాడికి గొంతు మారుతోంది. ఇంక మీసాలు రావడమే తరువాయి."

ఎజ్రా చెవులు ఎర్రబడ్డాయి.

"మరేం చేద్దాం బాబాయిగారూ? శ్రుతి కాస్త తగ్గిస్తే?"

"తగ్గిస్తే వీడికి అందుతుందమ్మా. వెంట పాడే పిట్టల గతేంటి? కావాలంటే మీరే వినండి."

అచ్చిబాబు హార్మోనియం మీద కింది మెట్లు నొక్కాడు. పిచ్చుకలు పాడాయి. వానాకాలం బోదె కాలువలో కప్పలు ఒక్కసారి లేచినట్టయింది.

"నాకు పొట్టలోంచి వస్తోంది టీచర్" అంది తబిత.

మళ్ళీ నవ్వులు. ఈసారి వెంకటదుర్గ గారు కూడా నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వుల మధ్యనే తబిత చెయ్యెత్తింది.

"టీచర్, ఆ లైను మేం పాడేస్తాం. ఎజ్రా అన్న ఊరికే నోరు తెరిచి నిలబడితే చాలు."

మంచి ఉపాయమే. అది చెప్పిన తీరే బాగాలేదు. ఎజ్రా తలమీది గడ్డి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నోరు తెరిచి నిలబడటానికి నేనెందుకండీ? పొలంలోంచి నిజం బొమ్మనే తెచ్చి పెట్టుకోండి."

బయటికి వెళ్ళిపోయాడు. వెంకటదుర్గ గారు నా వైపు చూశారు. నేను లేచి వాడి వెనకాలే వెళ్ళాను.

చర్చి వెనక కాలువ రేవులో మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ ఒక మెట్టు ఎగువన కూర్చున్నాను. చెప్పడానికి మంచి మాటలు వెతికాను. గుర్రపుడెక్క గుంపు ఒకటి నీళ్ళ మీద నెమ్మదిగా పోతూ ఉంటే ఇద్దరం దాన్నే చూశాం. హెలెన్ ఉంటే ఏం అనేదో అని ఆలోచించాను. కొన్నిసార్లు ఆమె పక్కన కూర్చునేది, అంతే.

కాసేపటికి వెనక చెప్పుల చప్పుడైంది. తబిత. ఎవరూ పంపలేదట, తనే వచ్చింది.

"అన్నా, నువ్వెళ్ళిపోయావు కదా, మేం పాడలేకపోయాం."

"ఎందుకు? లైను మీదేగా."

"లైను మాదే. ఎప్పుడు ఎత్తుకోవాలో తెలీలేదు. పాపాయి ముందే వచ్చేసింది. నేను లేటయ్యాను. అచ్చిబాబు తాతగారు ఇద్దర్నీ తిట్టారు."

"టీచర్ చెయ్యి చూసుకోండి."

"టీచర్ పక్కన ఎక్కడో ఉంటారు, కనబడరు. మేం ఎప్పుడూ నీ చెయ్యే చూస్తాం. ఊపిరి తీసుకునేటప్పుడు నీ చెయ్యి కొంచెం పైకి లేస్తుంది. అప్పుడు మేం రెడీ అయిపోతాం. నీకు తెలీదా?"

వాడికి తెలియదు. తనవైపు అన్ని కళ్ళు చూస్తున్నాయని వాడికి ఎవరూ చెప్పలేదు. నాటకానికి తను తెచ్చేది తన పాట ఒక్కటే అనుకున్నాడు.

"నవ్వినందుకు సారీ చెప్పవా?" అన్నాడు.

"నవ్వొచ్చింది మరి, ఏం చెయ్యను? ఇప్పుడు కూడా వస్తోంది."

వాడు మెట్టు మీది చిన్న పెంకు తీసి కాలువలోకి విసిరాడు. తర్వాత లేచాడు. నేను ఒక్క మాటా అనకుండానే పని అయిపోయింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి నేనూ లేచాను.

మిగిలిన రిహార్సళ్ళలో వాడు ఆ పాదం దగ్గర పాట ఆపి, చెయ్యెత్తడం నేర్చుకున్నాడు. చెయ్యి లేవగానే పిచ్చుకలు ఆ పాదాన్ని అందుకుని, పాడుతూనే ఎగిరిపోతాయి. ఆఖరి పాదం వాడు పాడి కూలిపోతాడు. స్టేజీ పక్కన వింగులోంచి చూస్తే నాకు అర్థమైంది. తను పాడగలిగిన చోట పాడడం కన్నా, తను పాడలేని చోట ఇంకొకరి కోసం ఊపిరి పట్టి ఆగడం కష్టం. మొదట్లో వాడి దవడ బిగుసుకునేది. పోను పోను వాడే పిచ్చుకలను సరిదిద్దసాగాడు. "పాపాయ్, నువ్వు నా వేళ్ళు చూడు, మొహం కాదు" అనేవాడు. మొదట వాడి చెయ్యి పూర్తిగా లేవకముందే ఎత్తుకునే పాపాయి, పండుగ నాటికి రెప్ప వెయ్యకుండా వాడి వేళ్ళనే చూడడం నేర్చుకుంది. ఎప్పుడూ గట్టిగా అరిచే తబిత కూడా తన గొంతు తగ్గించి పక్కవాళ్ళది వినడం మొదలుపెట్టింది.

ఐనా ఎజ్రా భయం పూర్తిగా పోలేదు. "ఆ లైను ఒక్కటే కాదు తాతయ్యా, ఎక్కడైనా అవ్వచ్చు" అన్నాడు పండుగనాడు పొద్దున. వాడి మాట నిజమే.

ముందురోజు పడిన వాన తెల్లారేసరికి తగ్గింది. మధ్యాహ్నానికి ఆవరణ ఆరిపోయి, ప్లాస్టిక్ కుర్చీల కాళ్ళు మట్టిలో దిగబడకుండా నిలిచాయి. దానికే నాకు ప్రాణం సగం కుదుటపడింది. నా పాత తెల్లచొక్కా ఎజ్రాకు తొడిగి దాని చేతుల్లో గడ్డి కూరారు. ఒళ్ళంతా దురదని వాడు గొణిగాడు. దురద మీద ధ్యాస ఉంటే గొంతు మీద ఉండదులే అనుకున్నాను.

నాటకం మొదలైంది. ఎక్కడా ఆగలేదు. మధ్యలో ఒకచోట వాడి గొంతు కాస్త గీరుకుంది గాని, పిచ్చుకల కిచకిచల్లో ఎవరూ పట్టించుకోలేదు. నేను కాగితాలు పట్టుకుని ప్రతి మాటా వాళ్ళకన్నా ముందు పెదాలతో అంటున్నాను. ఎవరికీ నా అవసరం రాలేదు.

చివరి పాట వచ్చింది. రెండు పాదాలు వాడు పాడాడు. చెయ్యి లేచింది. పిచ్చుకలు ఒకే గొంతుగా అందుకున్నాయి. "పైకెగరండి, పైకెగరండి..." అంటూ రెక్కలు ఊపుకుంటూ అవతలి వైపు దిగి వెళ్ళిపోయాయి. ముగింపు పాటకు రెక్కలు విప్పి కంకులు పట్టుకుని రావాలి కనుక దేవకుమారి వాళ్ళ కోసం వరండాలో కాచుకుని ఉంది. స్టేజీ మీద ఎజ్రా ఒక్కడే మిగిలాడు. "వాన వెలిసే దాకా" అని పాడి నెమ్మదిగా వంగి నేలమీద పడ్డాడు. నేను కాగితాలు మడిచాను. అయిపోయింది, పిల్లాడు బయటపడ్డాడు అనుకున్నాను.

అప్పుడు ముందు వరసలోంచి రొయ్యల చెరువుల చంద్రరావు గారి గొంతు వినబడింది.

"వన్స్ మోర్!"

మా వైపు పద్యనాటకాల్లో అదొక ఆచారం. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అంటారు. అన్నారంటే మళ్ళీ పాడాల్సిందే. కథలో ఆ మనిషి అప్పటికే చచ్చి పడి ఉన్నా సరే, లేచి పద్యం పాడి, మళ్ళీ చావాల్సిందే. పిల్లల నాటకానికి కూడా ఎవరైనా ఆ మాట అంటారని మాలో ఒక్కరికీ తట్టలేదు. చంద్రరావు గారి వెనక ఇంకో పదిమంది అందుకున్నారు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

అచ్చిబాబు ఆలోచించలేదు. ఆ కేక వినగానే కదిలే చేతులు అతనివి. కళ్ళు మూసుకుని పాట మొదటి నుంచి ఎత్తుకున్నాడు, అదే శ్రుతిలో.

"లేవకురా" అన్నాను వింగులోంచి. ఆ సాయంత్రం నేను అందించిన మాట అదొక్కటే. వాడికి వినబడలేదో, వినబడినా లేచాడో. వంటి మీంచి గడ్డి రాలుతుండగా లేచి నిలబడి చేతులు చాచాడు.

*గింజలు మీవి, గడ్డి నాది...*

మొదటి పాదం బాగుంది. రెండోదీ బాగుంది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది. అందుకోవడానికి పిచ్చుకలు లేవు. అచ్చిబాబుకు అప్పుడు తెలిసింది తను చేసిన పని. కళ్ళు తెరిచి, అదే స్వరం మీద వేలు నొక్కిపెట్టి వాడి మొహంలోకి చూశాడు.

ఎజ్రా ప్రయత్నించాడు. "పైకె..." అన్నాడు. గొంతు కీచుమని రెండుగా చీలింది. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు పకపకా నవ్వారు. వాడు ఇన్నాళ్ళు మిరియాల పాలు తాగి, మాటలు దాచుకుని తప్పించుకున్నది అంతా, ఊరు ఊరంతా చూస్తుండగా జరిగిపోయింది.

వాడు పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. పైకెత్తిన చెయ్యి వైపు ఒకసారి చూసుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. చేతిని మెల్లగా కిందికి దించుతూ, దానితోపాటే పాదాన్నీ కిందికి దించాడు. "పైకెగరండి" అన్న మాట కింది స్థాయిలో వచ్చింది. కాస్త గరుకుగా, గట్టిగా. ఆ గొంతు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అచ్చిబాబు వేళ్ళు మెట్ల మీద పరుగెత్తుకుని వచ్చి వాణ్ణి కలుసుకున్నాయి.

రెండో "పైకెగరండి" పూర్తి కాకముందే వరండా వైపు నుంచి అదే మాట పై స్థాయిలో వినబడింది. తబిత. ఒక రెక్క విప్పేసి ఉంది, ఇంకోటి వేలాడుతోంది. దాని వెనక పాపాయి, ఇంకో ఇద్దరు, ఆ తర్వాత అందరూ. కథ ప్రకారం వాళ్ళు ఎప్పుడో ఎగిరిపోయారు. అయినా వచ్చేశారు. కింద వాడు, పైన వాళ్ళు. మూడో పాదాన్ని ఇంకోసారి పాడారు, ఎవరూ చెప్పకుండానే. చాపల మీది నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు.

"వాన వెలిసే దాకా" అని ఎజ్రా ఈసారి నిజంగానే దబ్బున పడ్డాడు. గడ్డి నాలుగు వైపులా ఎగిరింది.

చంద్రరావు గారు మళ్ళీ నోరు తెరిచారు. "వన్స్..."

అచ్చిబాబు తిత్తి మూసేసి లేచి నిలబడ్డాడు. "చాలండీ చంద్రరావు గారూ! బొమ్మ చచ్చిపోయింది!"

ఆవరణంతా నవ్వింది. పడి ఉన్న గడ్డిబొమ్మ పొట్ట కూడా కదలడం నాకు వింగులోంచి కనిపించింది. నేను వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాను. పక్కన ఎవరో వదిలేసిన స్టూలు ఒకటి సరిగ్గా అక్కడే ఉంది. దాని మీద కూర్చుండిపోయాను.

ముగింపు పాట అయ్యాక పిల్లలంతా వరండాలో పులిహోర పొట్లాల మీద పడ్డారు. తబిత ఎజ్రా చొక్కాలోంచి గడ్డి లాగుతూ తగాదా పెట్టుకుంది.

"చెయ్యి కిందికి దించేస్తే మాకెలా తెలుస్తుందన్నా? ఇంకొంచెమైతే రాకపోదుం."

"వచ్చావుగా."

"పులిహోర వదిలేసి వచ్చాను. గుర్తుపెట్టుకో."

అచ్చిబాబు వచ్చి వాడి ముందు నిలబడ్డాడు. పట్టుచొక్కా వీపున తడిసిపోయి ఉంది. "ఒరే అబ్బాయ్, బుద్ధి గడ్డి తిందిరా నాది. వన్స్ మోర్ అంటే చేతులు వాటంతటవే పోయాయి. ఏమనుకోకు."

"ఫర్వాలేదండి" అన్నాడు ఎజ్రా. చొక్కా దులుపుకుంటూ, "నేను కిందికి వచ్చినప్పుడు ఏ శ్రుతి పట్టుకున్నారండీ?" అని అడిగాడు.

"ఎవడు చూశాడురా? నువ్వెక్కడికెళ్తే అక్కడికొచ్చాను."

ఆ మాటకు వాడి మొహం ఎలా మారిందో దేవకుమారి కూడా చూసింది. చేతిలో ఉన్న నీళ్ళ గ్లాసు వాడికి ఇచ్చి, వాడి తలలోని గడ్డిపోచ ఒకటి తీసింది.

ఆదివారం ఆరాధనలో పాడే మా చర్చి క్వయర్‌లో పిల్లలు ముందు, ఆడవాళ్ళ పక్కన నిలబడతారు. మగవాళ్ళది వెనక వరస. నీళ్ళు తాగి గ్లాసు తల్లికి ఇచ్చేసి, ఎజ్రా నా దగ్గరకు వచ్చాడు.

"తాతయ్యా, ఆదివారం నేను మగవాళ్ళ..."

అక్కడ గొంతు మళ్ళీ కీచుమంది. పులిహోర నోట్లో పెట్టుకున్న తబిత పొలమారేలా నవ్వింది. వాడూ నవ్వాడు. నవ్వు ఆగాక, ఆ ప్రశ్నే మళ్ళీ మొదటి నుంచి అడిగాడు.